కెజియా వద్దన్న మార్కులు

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. నా తర్వాత ఆ సీటులోకి వచ్చిన అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ, "మేడం గారూ, మీరు పెట్టిన ఫైళ్ళన్నీ చూశానండి. కానీ ఉదయం గది తలుపు తీశాక ఏం చేయాలో వాటిలో లేదండి" అంది. నాకు నవ్వొచ్చింది. నిజమే, లేదు. నేను చేరినప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం నాకు గుర్తున్నది రాస్తున్నాను. నేను సరిగ్గా చేసిన పనుల కంటే తప్పు చేసినవే బాగా గుర్తున్నాయి. అవే చెబుతాను.

మెట్ల కింద గది

రాజమహేంద్రవరంలో ఒక అటానమస్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఎకనామిక్స్ చెప్పాను. చివరి తొమ్మిదేళ్ళు నా క్లాసులు తగ్గించి విద్యార్థి సహాయ కేంద్రం అప్పగించారు. పేరుకి కేంద్రమే గానీ, అది మెట్ల కింద చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక బీరువా, అటెండరు సత్యవతి. అంతే.

హాజరు తగ్గినవాళ్ళు, సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్ళు, తెలుగు మీడియంలో చదివి వచ్చి ఇక్కడి ఇంగ్లీషు పాఠం అర్థంకాక వెనక బెంచీలో కూర్చునేవాళ్ళు, చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, అందరూ ఆ గదికే వచ్చేవారు. కొందరు గుమ్మంలో నిలబడి "ఏం లేదండి, ఊరికే వచ్చానండి" అనేవారు. అలాంటివాళ్ళని మాత్రం ఎప్పుడూ తిప్పి పంపకండి. అసలు కష్టం వాళ్ళదే అయి ఉంటుంది.

నాలో ఒక లోపం ఉంది. ఎవరైనా సమస్య చెప్పడం మొదలుపెడితే సగంలోనే నాకు పరిష్కారం తట్టేసేది. తట్టగానే చెప్పేసేదాన్ని. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నోరు కదా, ఊరుకోదు. చేరిన మొదటి ఏడాదే గణేశ్ అని బీకాం కుర్రాడొకడు వచ్చాడు. తుని నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. వారంలో సగం రోజులు మొదటి పీరియడ్‌కి లేటు. హాజరు పడిపోయి నా దగ్గరికి పంపారు. క్రమశిక్షణ గురించి, జీవితం గురించి, పొద్దున్నే లేవడం గురించి ఒక సెమిస్టరంతా చెప్పాను. పాపం, తల వంచుకుని అన్నీ విన్నాడు.

ఒకరోజు వాడు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే సత్యవతి అడిగింది.

"ఏ బండికి వస్తావు బాబూ?"

వాడు చెప్పాడు.

"అదెక్కడ టైముకొస్తుంది? దానికి ముందు బండి లేదా?"

"ఉందండి. దానికి రావాలంటే అమ్మని డయాలసిస్‌కి దింపడం కుదరదండి. వారానికి మూడు రోజులు నేనే తీసుకెళ్ళాలండి."

తలుపు తీసే ఉంది. లోపల్నుంచి విన్నాను. వాడిని మధ్యాహ్నం సెక్షన్‌కి మార్చడానికి ఒక ఉత్తరం సరిపోయింది. రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల పని కోసం ఆరు నెలలు వాడి చేత తల వంచించాను. ఆ తర్వాత నోరు అదుపులో పెట్టుకున్నాననే అనుకున్నాను. పెట్టుకోలేదని కెజియా వచ్చాక తెలిసింది.

రాసిపెట్టేవాళ్ళు

కెజియాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళేవాడు. అమ్మ అంగన్‌వాడీలో ఆయా. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల కెజియాకి చూపు పోయింది. వెలుగు ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. మా కాలేజీలో ఎం.ఏ. హిస్టరీలో చేరి హాస్టల్లో ఉండేది. పుస్తకాలు ఫోను చదివి వినిపిస్తే వినేది. ఫోను చదవలేని పాత తెలుగు పుస్తకాలుంటే ఎవరో ఒకరిని బతిమాలి చదివించుకుని, రికార్డు చేసుకుని, చెవుల్లో పెట్టుకుని తిరిగేది. ఆమె గదిలో ఉండే అమ్మాయి ఒకసారి నాతో, "అన్నం తింటూ కూడా రాజులేనండి మేడం, ఇంకో మాట ఉండదు" అంది.

చూపు లేనివాళ్ళకి పరీక్షలో ఒకరు పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది రాసిపెట్టాలి. స్క్రైబ్ అంటారు. ఆ మనిషి కింది తరగతివాడై ఉండాలి, ఆ సబ్జెక్టు చదివినవాడు కాకూడదు అన్నది నిబంధన. వాళ్ళని వెతికి పెట్టడం నా పని. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని అదేనని చెబుతాను. పరీక్షల రోజుల్లో తన చదువు మానుకుని మరొకరికి రాసిపెట్టడానికి ఎవరొస్తారు?

మొదటి రెండు సెమిస్టర్లూ కెజియాకి కామర్స్ కుర్రాళ్ళు రాశారు. ఒకడు నెమ్మది. ఇంకొకడికి విసుగు. "అంత పొడుగు వాక్యాలొద్దండి, చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడట. ఆమెకి తెలిసినదాంట్లో సగమే కాగితం మీదికి వచ్చింది. అత్తెసరు మార్కులు. హిస్టరీ మాస్టారు నన్ను స్టాఫ్‌రూమ్‌లో ఆపి, "ఆ అమ్మాయి క్లాసులో చెప్పేది వింటే ముచ్చటేస్తుందండి. పేపర్లో ఏమీ కనిపించదు" అని బాధపడ్డారు.

నాకు పౌరుషం వచ్చింది. మూడో సెమిస్టరుకి వెతికి వెతికి శ్రావణిని పట్టుకున్నాను. బీఏ రెండో సంవత్సరం. ముత్యాల్లాంటి చేతిరాత, చురుకైన పిల్ల. ఆమె గ్రూపులో హిస్టరీ ఉందని నాకు తెలుసు. డిగ్రీ హిస్టరీ వేరు, పీజీ హిస్టరీ వేరు, ఫరవాలేదులే అనుకున్నాను. ఫారంలో స్క్రైబ్ చదివే సబ్జెక్టులు రాయాల్సిన గడిలో 'బీఏ' అని మాత్రం రాసి సంతకం పెట్టాను.

ఆ సంతకం నాది. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

"నేను ఆగాక కూడా..."

ఫలితాలొచ్చాయి. ఆంధ్ర చరిత్ర పేపర్లో కెజియాకి డెబ్భై ఎనిమిది. క్లాసులో అందరికంటే ఎక్కువ. సత్యవతిని పంపి పూతరేకులు తెప్పించాను. స్వీటు పెట్టి అభినందిద్దామని కెజియాకి కబురు చేశాను.

వచ్చింది. కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పూతరేకు చేతిలో పెడితే తినలేదు, అలాగే పట్టుకుంది.

"మేడం గారండీ, ఆ మార్కులు నావి కావండి."

"అదేంటమ్మా?"

"పోలవరం వైపు కొండల్లో జరిగిన తిరుగుబాట్ల మీద ప్రశ్న వచ్చిందండి. నాకు సగమే వచ్చండి. అంతవరకే చెప్పి ఆగిపోయానండి. నేను ఆగాక కూడా పెన్ను ఆగలేదండి. చాలాసేపు రాస్తూనే ఉందండి శ్రావణి. ఏం రాస్తున్నావమ్మా అంటే, అక్షరాలు సరిచేస్తున్నా అక్కా అందండి. తర్వాత రెండు ప్రశ్నలకీ అంతేనండి."

"అప్పుడే ఇన్విజిలేటరుకి చెప్పలేకపోయావా?"

"అప్పటికి అనుమానమేనండి. గొడవ చేస్తే, ఈ పిల్లకి రాసిపెడితే తంటా అని ఇంకెవరూ రారేమోనని భయమేసిందండి. నాకు ఇంకా ఒక సెమిస్టరు ఉంది కదండి."

అప్పుడు నేను అన్న మాట దాచకుండా రాస్తున్నాను. "ఊరుకో తల్లీ. రెండు సెమిస్టర్లు నీకు అన్యాయం జరిగింది. ఇప్పుడు కొంచెం మేలు జరిగిందనుకో. ఎవరికి నష్టం? ఎవరితోనూ అనకు" అన్నాను.

ఆమె లేచింది. పూతరేకు జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది. "మా క్లాసులో ఒకబ్బాయి, నీకేంటి, రాసేవాళ్ళు రాసిపెడతారు అన్నాడండి మొన్న. కాదని గట్టిగా అన్నానండి. ఇప్పుడేమంటానండి?"

కర్ర చప్పుడు వరండాలో చివరిదాకా వినపడింది. సత్యవతి నావైపు చూసింది. పూతరేకుల పొట్లం మూసి బీరువాలో పెట్టేసింది.

శ్రావణి

మర్నాడు శ్రావణిని పిలిచాను. ఇలా అని అడగ్గానే ఏడ్చేసింది.

"కెజియా అక్క చాలా కష్టపడుతుందండి. అంత చదివి ఆ ఒక్కటీ గుర్తు రాలేదని ఊరుకుంటే, చూస్తూ ఉండలేకపోయానండి. నాకు తెలుసు కదండి ఆ జవాబు. పాపం అనిపించిందండి."

నాకూ అదే అనిపించి, హిస్టరీ చదివే పిల్లనే వెతికి తెచ్చాను. అదే అనిపించి నోరు మూసుకోమన్నాను. మా ఇద్దరి జాలీ కలిసి కెజియా నోట్లో మాట తీసేసింది. తిట్టేవాళ్ళని ఆమె చిన్నప్పట్నుంచీ ఎదుర్కొంటూనే ఉంది. జాలిపడి తన తరఫున తామే రాసేసేవాళ్ళని ఎలా ఎదుర్కోవాలి?

ఆ సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళాను. కెజియా మంచం మీద కూర్చుని ఉంది.

"తప్పు నాదమ్మా," అన్నాను. "నిన్న నువ్వు చెబుతుంటే నేను వినలేదు. ఇప్పుడు వింటాను. నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

ఆమె ముందే ఆలోచించి పెట్టుకుంది. "ఆ పేపరు మళ్ళీ రాస్తానండి. శ్రావణికి ఏమీ కాకూడదండి. మనసులో చెడు లేదు దానికి."

"మళ్ళీ రాసి తప్పితే ఈ ఏడాది డిగ్రీ రాదమ్మా. ఉన్న మార్కులు పోతాయి."

"తెలుసండి."

ప్రిన్సిపాల్ గారు

అప్పటి మా ప్రిన్సిపాల్ గారంటే కాలేజీ అంతటికీ హడల్. నిబంధనల పుస్తకం బల్ల మీదే ఉండేది. నేను ఆయన్ని మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను. ఆ రోజు కెజియాతో కలిసి ఆయన గదిలోకి వెళ్ళాను.

జరిగినదంతా చెప్పాను. శ్రావణి గ్రూపులో హిస్టరీ ఉందని తెలిసే సంతకం పెట్టానని కూడా చెప్పాను. అదే రాసి తెచ్చిన కాగితం ముందు పెట్టాను. ఆయన చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఇది మాల్‌ప్రాక్టీస్ కింద వస్తుంది మేడం. ఇద్దరు పిల్లలకీ ఇబ్బందే."

కెజియా నెమ్మదిగా అంది. "అయ్యగారూ, నేనే వచ్చి చెప్పాను కదండి. మార్కులు నాకొద్దంటున్నాను కదండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. నిబంధనల పుస్తకం తెరిచారు. అయిపోయింది అనుకున్నాను. ఫలితాలొచ్చిన పదిహేను రోజుల్లోపు విద్యార్థి కోరితే ఒక పేపరు ఫలితాన్ని రద్దు చేయవచ్చని అందులో ఒక వాక్యం ఉంది. ఎవరూ వాడని వాక్యం. మార్కులు ఎవరు వద్దంటారు? ఆయన దానికింద వేలు పెట్టి నాకు చూపించారు.

"స్క్రైబ్‌ని నియమించడంలో తప్పు జరిగింది కాబట్టి పరీక్షే చెల్లదు. తప్పు కాలేజీది, పిల్లలది కాదు. అలా రాసి కమిటీ ముందు పెడతాను. కానీ ఆ తప్పు చేసిన మనిషికి మెమో ఇవ్వాలి."

"ఇవ్వండి సార్," అన్నాను.

మెమో అక్కడే టైపు చేయించారు. అది వచ్చేలోగా మా ఇద్దరికీ కాఫీ తెప్పించారు. కెజియా కప్పు ఎక్కడుందో తడుముకుంటుంటే, ఆయనే లేచి వచ్చి, "ఇదిగోనమ్మా, కుడివైపు, వేడిగా ఉంది" అని చేతికి అందించారు. కఠినంగా ఉంటారని మనం ముద్ర వేసిన పైవాళ్ళలో కొందరు నిజంగా కఠినులే. కొందరికి మాత్రం మనం ఎప్పుడూ నిజం మొత్తం చెప్పి ఉండం. నా సర్వీసులో ఉన్న ఒకే ఒక్క మెమో అది. దాచుకున్నాను.

కెజియా పాఠం

కమిటీ ఆ పేపరు రద్దు చేసి, రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఒప్పుకుంది. తర్వాత కెజియా నన్ను ఒక పని అడిగింది. స్క్రైబులుగా వస్తామన్న పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టమంది. మా మెట్ల కింద గది చాలలేదు. ఒక ఖాళీ క్లాసురూములో పన్నెండు మందిని పోగుచేశాను. శ్రావణి కూడా వచ్చి చివర్న కూర్చుంది. ఇక ఆమెని స్క్రైబుగా పెట్టకూడదని కమిటీ తేల్చింది. అయినా వచ్చింది.

కెజియా బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.

"నేను చెప్పింది తప్పని మీకు తెలిసినా అలాగే రాయండమ్మా. నేను మర్చిపోతే గుర్తుచేయకండి. నేను ఆలోచిస్తుంటే తొందరపెట్టకండి. రాసింది ఒకసారి చదివి వినిపించండి. మీకు చెయ్యి నొప్పెడితే చెప్పండి, ఆగుదాం. ఒప్పులొక్కటే నావి కాదండి, నా తప్పులు కూడా నావే. అవి కూడా నాకు కావాలి."

ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అందరూ వెళ్ళాక శ్రావణి దగ్గరికొచ్చి నిలబడింది. "సారీ అక్కా" అంది.

కెజియా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. "నీ చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. నాకేం తెలుస్తుందే? నీ గొంతు మాత్రం బాగుంటుంది. సాయంత్రాలు ఖాళీ ఉంటే వచ్చి చదివిపెట్టు. ఆ తిరుగుబాట్ల పాఠంతోనే మొదలెడదాం. సగం రాదు నాకు."

రెండు నెలలు శ్రావణి చదివింది, కెజియా వింది. మధ్యలో ఇద్దరూ వాదించుకునేవారు. లైబ్రరీ వెనక మెట్ల మీద వాళ్ళ గొంతులు మా గది దాకా వినిపించేవి. సత్యవతి తుడుస్తున్నదల్లా ఆగి, "మళ్ళీ మొదలెట్టారండి రాజుల్ని" అనేది.

మళ్ళీ పెట్టిన పరీక్ష రోజున రాసిపెట్టింది బోటనీ చదివే నాగమణి. ఆమెకి రాజుల పేర్లు ఒక్కటీ తెలియవు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్ళే హక్కు నాకు లేదు. కిటికీలోంచి కెజియా గొంతు ఒకే తీరులో వినపడుతోంది. ఒక్కో పేరూ అక్షరం అక్షరం చెబుతోంది. గోదావరి ఆనకట్ట వచ్చాక డెల్టాలో పంటలెలా మారాయన్న ప్రశ్నకి ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. నేను ఎకనామిక్స్ టీచర్ని. ఆ జవాబు నాలుక చివర ఉంది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"గుర్తు రావట్లేదమ్మా. వదిలెయ్. గీత గీసి తర్వాత ప్రశ్నకి వెళ్ళు," అంది కెజియా.

నాగమణి గీత గీసింది. ఆ గదిలో వాళ్ళిద్దరూ చేసిన పని నేను తొమ్మిదేళ్ళలో నేర్చుకున్నదానికంటే పెద్దదనిపించింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఒక్క మాట చెబుతాను. ఎదుటివాళ్ళకి తట్టనిది మీకు తడుతుంది, తరచుగా తడుతుంది. అప్పుడు కుర్చీ పట్టుకుని కూర్చోవడం కూడా మీ ఉద్యోగమే. దానికి జీతం ఇస్తున్నారని ఎవరూ చెప్పరు గానీ, ఇస్తున్నది దానికే.

అరవై ఒకటి

ఫలితం వచ్చిన రోజు కెజియా మా గదిలోనే ఉంది. కంప్యూటరులో నేనే చూశాను. పదిహేడు మార్కులు తగ్గాయి.

"ఎంతండి మేడం గారూ?"

"అరవై ఒకటమ్మా."

ఆమె రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని లేచాను. నవ్వుతోంది. "అరవై ఒకటా అండి? ఆనకట్ట ప్రశ్న సగం వదిలేసినా అరవై ఒకటా?"

వెంటనే ఫోను తీసి వాళ్ళమ్మకి కలిపింది. మాకూ వినపడాలని స్పీకరు పెట్టింది. అవతల కోళ్ళ అరుపులు, ఎక్కడో కొబ్బరి డొక్కలు పడుతున్న చప్పుడు.

"అమ్మా, అరవై ఒకటొచ్చాయే!"

"మొన్న డెబ్భై ఎనిమిదన్నావు కదే? తగ్గితే ఆ సంబరమేంటి?"

"అవి వేరేవాళ్ళు రాసినవమ్మా. ఇవి నేను రాసినవి. మొత్తం నేనే చెప్పాను, నేను చెప్పిందే రాసింది ఆ అమ్మాయి. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు."

వాళ్ళమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీసేసినట్టున్నారు, గొంతు దూరమైంది. పెరట్లో పనిలో ఉన్న మనిషిని కేకేసి పిలుస్తున్నారు.

"ఏవండోయ్! ఆ కాయలక్కడ పెట్టి ఇలా రండి. మన కెజియా పరీక్ష రాసిందండి!"